సున్నా దగ్గర ఆగుదాం

మన తాతలకు సున్నా సంగతి బాగా తెలుసు. షావుకారు దగ్గర ఎనిమిది రూపాయలు అప్పు తెచ్చుకుని వేలిముద్ర వేసేవారు. మళ్ళీ సంతకు దిగేలోపు ఆ ఎనిమిది పక్కన సున్నా చేరి ఎనభై అయ్యేది. ఎనభైకి వడ్డీ, వడ్డీకి చింతపండు, చింతపండు చాలకపోతే కందులు, అవీ చాలకపోతే భూమి. అలా చేజారే భూమిని ఆపడానికే 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది, 1970లో దాన్ని బిగిస్తూ 1/70 వచ్చింది. ఈ కథ మనం బడిలో పిల్లలకు చెబుతున్నాం, సభల్లో మాట్లాడుతున్నాం. ఇప్పుడు మేం చెప్పబోయేది ఇంకో సున్నా గురించి. అది ఆసుపత్రి కాగితంలో ఉంటుంది. దాని గురించి మనం ఇంకా నోరు విప్పలేదు.

మేం కొండ మీద పుట్టి, టీచర్ ట్రైనింగ్ చేసి, ఉద్యోగం కోసం దిగువకు వచ్చి రామతీర్థంలో కాపురం ఉంటున్నవాళ్ళం. విజయనగరం ఆసుపత్రులకు దిగే మనవాళ్ళకు మా ఇల్లు ఒక మజిలీ. శ్రీరామనవమికీ శివరాత్రికీ తీర్థానికి వచ్చేవాళ్ళు కొందరుంటారు. మిగతా రోజుల్లో వచ్చేవాళ్ళంతా చేతిలో మందుల చీటీతో వచ్చేవాళ్ళే. "ఏటి రాసినారో సూడు మేష్టారూ" అంటారు. మేం కళ్ళజోడు సర్దుకుని చూస్తాం. చదువుకున్నవాళ్ళం కదా, తెలియదని ఎలా అంటాం? తోచింది చెప్పేస్తాం. ఈ వ్యాసం ముందుగా మా మీద మేం చేసుకుంటున్న ఫిర్యాదు.

జరిగింది చెబుతాం. మాకు పిన్ని వరసయ్యే ఆమె అయిదేళ్ళ మనవణ్ణి జ్వరానికి ఆసుపత్రిలో ఉంచి, తగ్గాక ఇంటికి తీసుకెళ్తూ మా దగ్గర ఆగింది. డిశ్చార్జి షీటు ఇచ్చింది. చక్కగా కంప్యూటరులో టైపు చేసిన కాగితం. పారాసెటమాల్ సిరప్, 10 ఎం.ఎల్., జ్వరం ఉంటే రోజుకు నాలుగుసార్లు. మేం చదివి చెప్పాం: "పది ఎమ్మెల్ పిన్నీ, మూతలో పది గీత దాకా పొయ్యి." ఆమె దారిలో మందుల షాపులో సీసా కొనుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు ఫోను చేసి, సీసా మీద ఏముందో అక్కడ చదువుకునే కుర్రాడి చేత చదివించాం. 5 ఎం.ఎల్.లో 250 మిల్లీగ్రాములు అన్నాడు. మా గుండె జారిపోయింది.

ఎందుకంటే ఈ సిరప్ రెండు పవర్లలో దొరుకుతుంది. 5 ఎం.ఎల్.కు 125 మిల్లీగ్రాములది ఒకటి, 250 మిల్లీగ్రాములది ఇంకొకటి. చంటిపిల్లల చుక్కల మందు వేరే, అందులో ఒక్క ఎం.ఎల్.లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. పిల్లలకు ఒక్కో మోతాదులో కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇవ్వాలి. మా పిన్ని మనవడు పదహారు కిలోలు. అంటే 240 మిల్లీగ్రాములు మించకూడదు. 125 సీసా అయితే పది ఎం.ఎల్. దాదాపుగా సరిపోయేది. 250 సీసాలో అదే పది ఎం.ఎల్. అంటే 500 మిల్లీగ్రాములు. రెండింతలు. అలా రోజుకు నాలుగుసార్లు రోజుల తరబడి పోస్తే కాలేయం పాడవుతుంది. అప్పటికి రెండుసార్లే పోశారు. పిల్లాడికి ఏమీ కాలేదు. కానీ అది మా గొప్ప కాదు.

తప్పెవరిది? డాక్టరు నోటితో 125 అని చెప్పి ఉండొచ్చు. టైపు చేసినవారు ఆ ముక్క వదిలేసి ఉండొచ్చు. షాపువాడు ఏ సీసా అని అడగలేదు. మేం ఉన్నది చదివాం, లేనిది ఏమిటో చూడలేదు. నలుగురం దాటించాం, ఒక్కరం ఆగలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. అది కోడిగీతల చెయ్యిరాత అయితే మేం అనుమానపడేవాళ్ళం. టైపు కాగితం కాబట్టి నమ్మేశాం. అచ్చు అందంగా ఉంటే అందులో తప్పు ఉండదనే భ్రమ చదువుకున్నవాళ్ళకే ఎక్కువ.

ఈ సంగతి మా పాత విద్యార్థి ఒకడితో చెబితే వాడు నవ్వలేదు. డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో కొన్నాళ్ళు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని చేశాడు. అమెరికాలో డాక్టరు రోగిని చూసి మాటల్లో రికార్డు చేస్తాడు. ఇక్కడ కుర్రాళ్ళు చెవులకు ఫోను తగిలించుకుని ఆ మాటలు విని టైపు చేస్తారు. 1990ల చివరి నుంచి హైదరాబాదులో ఈ పని జోరుగా నడిచింది. ఈమధ్య యంత్రమే విని ముందు టైపు చేస్తుంది, మనిషి దిద్దుతాడు. వాడు చెప్పిన నియమాలు విని మేం కాగితం మీద రాసుకున్నాం.

మందు పేరు స్పష్టంగా వినిపించకపోతే ఊహించి రాయకూడదు. ఖాళీ వదిలి, ఏ నిమిషంలో ఆ మాట వచ్చిందో గుర్తు పెట్టి పైవారికి పంపాలి. వినిపించినా సరే మందుల పుస్తకంలో వెతికి, ఆ మందు ఆ జబ్బుకే ఇస్తారా, ఆ పవరులో అసలు దొరుకుతుందా అని సరిచూడాలి. సెలెబ్రెక్స్ కీళ్ళనొప్పికి, సెలెక్సా మనోవ్యాధికి, సెరెబిక్స్ మూర్ఛకు. మూడూ చెవికి అక్కచెల్లెళ్ళే. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఒకటి-అయిదు, అయిదు-సున్నా అని అంకెలు విడదీసి పలకాలి. ఒకరు రాసింది ఇంకొకరు చూడాలి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2004లో, రాయకూడని పొట్టిరాతల పట్టీ ఒకటి పెట్టింది. యూనిట్ అనే మాటకు బదులు ఇంగ్లీషు యూ అక్షరం రాయకూడదు, అది సున్నాలా కనిపిస్తుంది. 5 అని రాయాల్సినచోట 5.0 రాయకూడదు, చుక్క చెరిగితే 50 అవుతుంది. 0.5ను ఉత్త చుక్క పెట్టి .5 అని రాయకూడదు, చుక్క కనబడకపోతే 5 అవుతుంది. చూశారా, అక్కడ కూడా అంతా సున్నా చుట్టూనే తిరుగుతోంది.

ఇన్ని నియమాలున్నా ప్రాణం పోయిన సందర్భం ఉంది. 2008లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన ఒక మధుమేహ రోగి కాగితాన్ని మన దేశంలో టైపు చేశారు. ఇన్సులిన్ 8 యూనిట్లు అని ఉండాల్సింది 80 అయింది. తర్వాత చేరినచోట ఆ కాగితం ప్రకారమే ఇచ్చారు. ఆమె చనిపోయింది. 2012లో అక్కడి జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించమంది. ఎనిమిది, ఎనభై. మన తాత పత్రంలో జరిగిందే. ఆ టైపు చేసినవారిని తిట్టి ఊరుకుంటే లాభం లేదు. ఈ పనిలో చాలాచోట్ల లైనుకు ఇంత అని జీతం కడతారు. ఖాళీ వదిలి ఆగితే కూలి తగ్గుతుంది, ఊహించి ముందుకు పోతే పెరుగుతుంది. ఆగినవాడికి నష్టం వచ్చేలా ఏర్పాటు చేసి, ఎందుకు ఆగలేదని అడగడం ఏం న్యాయం? పది రిజిస్టర్లు నెత్తిన పెట్టిన మన ఏఎన్ఎం చెల్లెలి గతీ అంతే, ఆశ కార్యకర్త గతీ అంతే.

ఇప్పుడు మా ప్రశ్న. అమెరికా రోగి కాగితం కోసం మన కుర్రాడు ఖాళీ వదలడం నేర్చుకున్నాడు, పుస్తకం తిరగేశాడు, ఇంకొకరికి చూపించాడు. వాడి సొంత అమ్మమ్మ చీటీకి ఆ మర్యాద ఎవరిచ్చారు? ఆమెకిచ్చిన చీటీలో ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్, ఎస్ఓఎస్. ఒక తాత మమ్మల్ని అడిగాడు: "మందులు రాసి మళ్ళీ బీడీ కూడా రాసినాడేటి మేష్టారూ, కాల్చొద్దని తిట్టినోడు?" అక్కడున్నవాళ్ళంతా నవ్వాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. రోజుకు రెండుసార్లు అని తెలుగులో రాయడానికి పట్టే సమయం ఎంత?

మన కొండల జబ్బులకు వాడే మందులే చూడండి. మలేరియాలో క్లోరోక్విన్ అనీ ప్రైమాక్విన్ అనీ రెండున్నాయి. తోకలు ఒకటే. క్లోరోక్విన్ మూడు రోజులు. ప్రైమాక్విన్ 7.5 మిల్లీగ్రాముల మాత్ర పెద్దవాళ్ళకు వైవాక్స్ మలేరియాలో రోజుకు రెండు చొప్పున పద్నాలుగు రోజులు. అదే మాత్ర ఫాల్సిపేరమ్ మలేరియాలో ఆరు మాత్రలు ఒకే ఒక్కసారి. ఒకే మాత్ర, ఒకే రంగు, రెండు లెక్కలు. గర్భిణికీ ఏడాది నిండని బిడ్డకూ అసలే ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు ఇస్తే నెత్తురులో ఎర్రకణాలు చితికిపోతాయి. ఇన్ని మెలికలున్న మందును "ఇవి రెండు, ఇవి పద్నాలుగు" అని తెలుగులో ఒకసారి అనేసి పంపిస్తే సరిపోతుందా? సవర లెక్కలో పన్నెండు ఒక మజిలీ, ఇరవై ఇంకో మజిలీ. పద్నాలుగంటే పన్నెండు మీద రెండు. మామ్మ మనసులో పద్నాలుగు ఆ దారిలో వెళ్ళి కూర్చుంటుంది. ఆమెకు లెక్క రాదనుకునేవాళ్ళు ఆమె లెక్క ఏమిటో ఎప్పుడైనా అడిగారా?

ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అని రెండు మందుల పేర్ల మీద సుప్రీంకోర్టు దాకా తగువు వెళ్ళింది. రెండూ మెదడుకెక్కే మలేరియాకు అమ్మినవే. ఒకదానిలో ఆర్టిసునేట్, ఇంకోదానిలో మెఫ్లోక్విన్. 2001 మార్చిలో ఇచ్చిన తీర్పులో కోర్టు ఏమందంటే, మందుల పేర్లలో గందరగోళం ప్రాణం మీదికి తెస్తుంది, ఇంగ్లీషు రానివాళ్ళు, పల్లెలవాళ్ళు ఇంతమంది ఉన్న ఈ దేశంలో ఇంకా కచ్చితంగా ఉండాలి అని. ఆ మాట మన కోసం అన్నట్టే ఉంది. 2016 సెప్టెంబరులో భారత వైద్య మండలి, డాక్టర్లు మందుల అసలు పేర్లను చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని నియమం మార్చింది. 2024 జనవరిలో పక్కనున్న ఒడిశా హైకోర్టు, పాముకాటుతో చనిపోయిన మనిషి పోస్టుమార్టం రిపోర్టు చదవలేక, డాక్టర్లు అర్థమయ్యేలా రాయాలని ఆదేశించింది. న్యాయమూర్తే చదవలేకపోయినదాన్ని మా పిన్ని చదువుకోవాలట.

మేం ఉన్న రామతీర్థంలో దుర్గకొండ గుహలో ఒక శాసనం ఉంది. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలంనాటిది, వెయ్యేళ్ళది. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో రాతి మీద చెక్కితే ఈనాటికీ పండితులు చదివి చెబుతున్నారు. నిన్న సాయంత్రం రాసిన చీటీ ఈ ఉదయానికి చదవడానికి వీల్లేదు. చెక్కినవాడికి చదివేవాడి మీద గౌరవం ఉంది. తేడా అక్కడే ఉంది.

డాక్టర్లకు టైము లేదంటారు. నిజమే, ఒక్క డాక్టరు వందమందిని చూసే రోజులున్నాయి, ఖాళీ పోస్టులు నింపమని మనమూ అడుగుతున్నాం. కానీ టైము లేనప్పుడు తప్పు జరిగే అవకాశం పెరుగుతుంది కాబట్టి సరిచూసే మనిషి ఇంకా ఎక్కువ అవసరం. ఇక అంతా కంప్యూటరులోకి వచ్చేస్తోంది, ఈ బాధ ఉండదంటారు. మా పిన్ని కాగితం కంప్యూటరులోంచి వచ్చిందే. మొదటి మూడక్షరాలు కొడితే పట్టీ తెరుచుకుంటుంది, వేలు జారితే కిందిపేరు ఎక్కుతుంది. హైడ్రాక్సీయూరియా సికిల్ సెల్ పిల్లలకు ఇచ్చేది, హైడ్రాక్సీజిన్ దురదకు ఇచ్చేది. పట్టీలో ఇరుగుపొరుగు. 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు, మంచిదే. కార్డు తర్వాత వచ్చే మందు పేరు తప్పితే ఆ కార్డు ఎందుకు?

ఇంకొందరు అనే మాట మాకు మంట పుట్టిస్తుంది: "కొండోళ్ళు ఎలాగూ మందులు సరిగ్గా మింగరు, ఎజ్జోడి దగ్గరికే పోతారు." మా ఊళ్ళో ఎజ్జోడు వేరు ఇచ్చేటప్పుడు మేం చూశాం. వేరు చూపిస్తాడు, పేరు చెబుతాడు, వేలితో కొలిచి ఇంత అంటాడు, ఎన్ని పొద్దులో చెబుతాడు, తీసుకున్నవాళ్ళ చేత తిరిగి చెప్పిస్తాడు. వేరు పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. మలేరియాకు ఆసుపత్రికే పోవాలని మేం ఇంటింటికీ తిరిగి చెప్పేవాళ్ళమే. కానీ తిరిగి చెప్పించే ఆ పద్ధతి ఆసుపత్రి కిటికీ దగ్గర ఎందుకు లేదు? చదువు లేని మనిషికి ఉన్న జాగ్రత్త తెల్లకోటుకు ఎందుకు రాదు?

సరిగ్గా చేయాలనుకుంటే చేయగలరనడానికి సాక్ష్యం మన కళ్ళ ముందే ఉంది. ఫాల్సిపేరమ్ మలేరియాకు ఇచ్చే ఏసీటీ మందును వయసును బట్టి రంగు ప్యాకెట్లలో పెట్టారు. ఏడాదిలోపు గులాబీ, నాలుగేళ్ళ దాకా పసుపు, అయిదు నుంచి ఎనిమిది ఆకుపచ్చ, తొమ్మిది నుంచి పద్నాలుగు ఎరుపు, ఆపైన తెలుపు. అక్షరం రాకపోయినా మోసపోయే పని లేదు. ఎవరో ఒకరు కూర్చుని, చదవలేని తల్లిని మనసులో పెట్టుకుని ఆలోచించారు. అలాంటి ఆలోచనే అన్నిచోట్లా ఉండాలంటున్నాం.

ఇక మన సంగతి, తోటి టీచర్ల సంగతి. వారానికోసారి ఐరన్ మాత్రలు పంచేది మనమే. అయిదు నుంచి పదేళ్ళలోపు పిల్లలకు గులాబీ మాత్ర, 45 మిల్లీగ్రాముల ఐరన్. పదేళ్ళ నుంచి పైవాళ్ళకు నీలం మాత్ర, 60 మిల్లీగ్రాములు. నీలం మాత్రలో ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు, అంటే అర మిల్లీగ్రాము. విడిగా దొరికే ఫోలిక్ యాసిడ్ మాత్ర 5 మిల్లీగ్రాములది, దానికి పదింతలు. మైక్రోకూ మిల్లీకీ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉందని ఆరో తరగతిలో బోర్డు మీద రాసేది మనమే. రిజిస్టరు నింపేటప్పుడు మాత్రం ఎం అక్షరం కొట్టి ఊరుకుంటాం. నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది రెండేళ్ళలోపు పిల్లలకు సగమే. అంగన్‌వాడీలో మనం సాయం చేసే రోజున ఇది ఎంతమందికి గుర్తుంటోంది? హాస్టలులో రాత్రి జ్వరం వచ్చిన పిల్లకు అల్మారాలోంచి తీసి ఇచ్చే సీసా మీది గీతను లైటు కింద పెట్టి చూస్తున్నామా?

కాబట్టి మేం అడుగుతున్నది ఇది. ఆసుపత్రులు మందు అసలు పేరు, పవరు, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అనే అయిదింటినీ విడివిడిగా రాయాలి. అందులో వేళలూ రోజులూ తెలుగులో ఉండాలి. మందులిచ్చే కిటికీ దగ్గర సవర, కువి, కొండ భాషలు వచ్చిన మనిషి ఉండాలి. రోగి చేత తిరిగి చెప్పించాకే సంచీ చేతికివ్వాలి. డిశ్చార్జి షీటు టైపు చేసేవారు తెలియనిచోట ఖాళీ వదిలి అడిగితే వారిని కసురుకోకూడదు, ఆగినందుకు జీతం కోయకూడదు. ఇవేవీ కోట్లు అడిగే పనులు కావు.

బడిలో మనం మాత్ర ఇచ్చేముందు ఇద్దరం చూద్దాం. ఒకరు మాత్ర పట్టీ మీద ఉన్నది పైకి చదవాలి, ఇంకొకరు రిజిస్టరులో చూడాలి. పేరు, పవరు, పిల్లవాడి వయసు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంటి నుంచి ఖాళీ మందు సీసాలూ పట్టీలూ తెప్పించి ఒక గంట పాఠం చెప్పండి. దశాంశాలకు అంతకంటే మంచి లెక్క దొరకదు. ఎవరైనా చీటీ తెచ్చినప్పుడు తెలియకపోతే తెలియదని చెప్పి, రాసినచోటికి ఫోను చేద్దాం. పరువు పోదు. ఊహించి చెప్పిన ఆరోజే మా పరువు పోయింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ ఒక మాట. ఆసుపత్రి కాగితాలు టైపు చేయడం గుమాస్తా పని అని తీసిపారేయకండి. డాక్టరు నోటికీ రోగి కడుపుకీ మధ్య ఉండే మనిషి ఆ గుమాస్తాయే. ఫార్మసీ చదవండి, నర్సింగు చదవండి, రికార్డుల పని నేర్చుకోండి. అక్కడ కూర్చున్నాక, అర్థం కాని పదం వస్తే ఆగండి. పక్కవాడు తొందరపెట్టినా ఆగండి. ఆ కాగితం మీ ఊరికే వెళ్తుందనుకుని ఆగండి.

మొన్న మా పిన్ని మళ్ళీ వచ్చింది. ఈసారి దగ్గుమందు. చీటీ మా చేతికి ఇవ్వకముందే సీసా తీసి మా ముందు పెట్టింది. "ముందు దీని పవరెంతో సెప్పు నాయినా, ఆ తరవాత కాగితం సదువు" అంది. సీసా మీదా కాగితం మీదా ఒకే అంకె ఉందో లేదో మేం పైకి చదివి చూశాం. తర్వాత ఆమె చేత సవరలో చెప్పించుకున్నాం: పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అయిదు రోజులు. సరిగ్గా చెప్పింది. అప్పుడు సీసా సంచిలో పెట్టుకుని బస్సుకు లేచింది.